అనంతగిరి నీళ్ళు, తాండూరు దరువులు

హైదరాబాదు వాళ్ళకు వికారాబాదు అంటే మంచి గాలి. ఒకప్పుడు క్షయరోగులను ఈ గాలి కోసమే అనంతగిరి మీది ఆసుపత్రికి పంపేవారు. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, కుర్రకారు మోటారు సైకిళ్ళ మీద అదే గాలి కోసం బారులు తీరుతున్నారు. కళ్ళకు పచ్చదనం, ముక్కుకు మంచి గాలి సరే. చెవులకు ఈ వైపున ఏం దొరుకుతుందో చూద్దామని నేను బయలుదేరాను.

కొండమీద అనంతపద్మనాభస్వామి గుడి వుంది. మూసీ నది పుట్టిల్లు ఈ కొండలే. ముచుకుంద మహర్షి పేరే మారి మూసీ అయిందని పెద్దలంటారు. అది తూర్పుగా పారి, హైదరాబాదు నడిబొడ్డు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ కొండల్లోనే పుట్టిన కాగ్నా మాత్రం పడమటి దారి పట్టి, తాండూరు పక్కగా సాగి, కర్ణాటకలో భీమానదిలో పడుతుంది. భీమ కూడా చివరికి కృష్ణనే చేరుతుంది. ఒక తల్లి బిడ్డలిద్దరు చెరొక భాషవారి ఇంటికి కోడళ్ళుగా వెళ్ళి, ఎక్కడో పుష్కరాల్లో కలుసుకున్నట్టు!

నేను వెళ్ళిననాడు గుడి వెనుక చెట్టుకింద బీదరు వైపునుంచి వచ్చిన భజనబృందం కూర్చుని వుంది. కన్నడంలో పాడుతున్నారు. పక్కనే మన పల్లెవాళ్ళు చిడతలతో తెలుగులో అందుకున్నారు. ఒకరి మాట ఒకరికి సగమే తెలుసు. తాళం మాత్రం ఇద్దరికీ పూర్తిగా తెలుసు. అరగంటసేపు ఎవరూ ఎవరినీ ఆపమనలేదు.

వికారాబాదు జంక్షనులో రెండు దారులు చీలుతాయి. ఒకటి బీదరు మీదుగా పర్లీ వైద్యనాథానికి. రెండవది తాండూరు మీదుగా వాడీకి. ఈ రెండోదే పాతది. నిజాము ప్రభుత్వం సికింద్రాబాదునుంచి వాడీకి 1874లో వేయించిన రైలుమార్గం. తాండూరు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. దారిలో ధారూరు స్టేషను వస్తుంది. ప్రతి నవంబరులోనూ ఇక్కడ మెథడిస్టు క్రైస్తవుల పెద్ద కూడిక జరుగుతుంది. దాన్నేమంటారో తెలుసా? జాతర! దేవుడు మారినా జాతర మారలేదు. బండ్లు కట్టుకుని, పిల్లా పాపలతో వచ్చి గుడారాలు వేసుకుని పాడుకోవడమూ మారలేదు.

తాండూరు దిగగానే కాళ్ళకింద ఆ వూరి పేరే వుంటుంది. మన ఇళ్ళల్లో పరుచుకునే నున్నటి నీలిబండ ఇక్కడిదే. మన గిన్నెలో వుడికే మంచి కందిపప్పూ ఇక్కడిదే. ఈ నేల గుణం వల్లనే ఆ రుచి వచ్చిందని తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. బజారులో నడుస్తూ వుంటే తెలుగు, కన్నడం, వుర్దూ, లంబాడీ మాటలు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. వింతేమీ లేదు. 1956 నవంబరు 1 దాకా తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనివే. సరిహద్దు గీత మనుషులకు గీశారు గాని పాటలకు గీయలేదు.

బండల డిపో దగ్గర టీ తాగుతూ ఒక ముసలాయనతో మాట కలిపాను. డప్పు కళాకారుడట. ఆయన భుజానికి డప్పు లేదు, సిమెంటు సంచి వుంది.

"తాతా, ఎన్ని దరువులు వచ్చు నీకు?" అన్నాను.

"లెక్కవెట్టలే సారూ. పెండ్లికొకటి, జాతరకొకటి, పీర్ల పండుగకొకటి, సావుకొకటి. దూరం నుంచి ఇంటెనే ఏమయితున్నదో ఎర్కయితుండె. ఇప్పుడు డీజే వచ్చినంక పెండ్లికీ అదే మోత, సావుకూ అదే మోత."

"మీవాళ్ళకు నేర్పలేదా?"

"నేర్సుకుంటే పిలిచెటోడు వుండాలె గద సారూ!"

ఆ ఒక్క మాట దగ్గర నా ప్రయాణం ఆగింది. నేను పుస్తకాల్లో చదివినదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతోంది.

తెలంగాణలో ఎన్ని కులాలో అన్ని కథలు; ఎన్ని కథలో అన్ని వాయిద్యాలు. గొల్ల కురుమలకు మల్లన్న కథ చెప్పడానికి ఒగ్గువాళ్ళు వుంటారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు. ఫలానా వూళ్ళో ఫలానా ఇళ్ళు ఫలానా బృందానికే హక్కు. ఏడాదికో, రెండేళ్ళకో వచ్చి కథ చెప్పి, ధాన్యమో, బట్టో, డబ్బో పుచ్చుకుని పోయేవారు. ఆ ఏర్పాటులో హెచ్చుతగ్గులూ, అవమానాలూ లేవని నేననను. చిన్న కులమని గుమ్మం బయట నిలబెట్టి పాడించుకున్న వూళ్ళున్నాయి. ఆ చెడుగు పోవలసిందే. కాని దానితోపాటు కూలిడబ్బూ పోయింది, పాటా పోతోంది.

తాండూరునుంచి దక్షిణంగా, కొడంగల్ దాటి పోతే నారాయణపేట జిల్లాలో దామరగిద్ద అనే వూరుంది. బుర్రవీణ వాయించే దాసరి కొండప్పగారిది ఆ వూరే. ఎండిన సొరబుర్ర, వెదురు, తీగలు: ఇదీ ఆ వాయిద్యం. ఏ కొట్లోనూ అమ్మరు. ఎవరిది వారు చేసుకోవలసిందే. ఆయన మూడో తరం వాయిద్యకారుడు. తెలుగులోనూ కన్నడంలోనూ పాడతారు. 2024లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఈ వాయిద్యం ఎరిగిన చివరివారిలో ఒకరని పత్రికలు రాశాయి. అంతకు రెండేళ్ళ ముందు, 2022లో, నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారికి అదే బిరుదు వచ్చింది. ఆయనది పన్నెండు మెట్ల కిన్నెర. 'భీమ్లా నాయక్' సినిమా పాటలో ఆయన గొంతును లక్షలమంది విన్నారు. కాని 2024లో ఆయన కట్టడాల దగ్గర కూలికి పోతున్నారని పత్రికల్లోనే చదివాం. బిరుదు మనిషికి గౌరవం తెస్తుంది. మర్నాటి బేరం తీసుకురాదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. యునెస్కో చొరవతో 1949లో ఏర్పడిన అంతర్జాతీయ సంగీత మండలి, 2001లో సంగీతానికి సంబంధించి అయిదు హక్కులు ప్రకటించింది. పాడుకునే స్వేచ్ఛ, నేర్చుకునే వీలు, విని పాలుపంచుకునే అవకాశం అందరికీ వుండాలన్నది. కళాకారుడికి తన విద్యను పెంచుకుని పదిమందికి వినిపించే సౌకర్యం, న్యాయమైన గుర్తింపూ ప్రతిఫలమూ వుండాలన్నది. 2005లో యునెస్కో సాంస్కృతిక వైవిధ్యాన్ని కాపాడే ఒడంబడిక కూడా చేసింది. మన దేశం మరుసటి ఏడే అందులో చేరింది. తాండూరు తాత అన్న మాటా, ఆ అయిదో హక్కూ ఒకటే. ఆయన దాన్ని టీకొట్టు దగ్గర చెప్పాడు, అంతే తేడా.

మరి బతికించడం సాధ్యమేనా? సాధ్యమే. ఐర్లండులో యూలియన్ పైపులని ఒక తిత్తి వాయిద్యం వుంది. 1960లనాటికి దాన్ని వాయించేవారు వందమందికి తగ్గిపోయారు. 1968లో మిగిలినవాళ్ళు సంఘం పెట్టుకున్నారు. వాయించడం నేర్పారు, దానితోపాటు వాయిద్యం తయారు చేయడం కూడా నేర్పారు. నేడు అది వేలమంది చేతుల్లో, అనేక దేశాల్లో మోగుతోంది. 2017లో యునెస్కో జాబితాకూ ఎక్కింది. ముందు శిష్యులు వచ్చారు, తర్వాత పేరు వచ్చింది. మనం ముందు పేరు ఇచ్చి శిష్యుల కోసం ఎదురు చూస్తున్నాం.

తాండూరు కంది సంగతే తీసుకోండి. ముద్ర వేసినందువల్ల అది బతకడం లేదు. ఏటా విత్తేవాడూ, కొని వండుకునేవాడూ వున్నందువల్ల బతుకుతోంది. దరువూ అంతే. అద్దాల పెట్టెలో పెట్టిన కిన్నెర చెడిపోదు, నిజమే. కాని పలకదు. ప్రతి మండలంలో ఒక బడిలో, వారానికి ఒక పూట, నెలజీతం ఇచ్చి ఒక డప్పు గురువునో, కిన్నెర గురువునో కూర్చోబెడితే ఎంత ఖర్చవుతుంది? మన ఇంటి పెండ్లికి అద్దెకు తెచ్చే ఆ పెద్ద పెట్టెల డబ్బులో నాలుగోవంతు తీసి డప్పు బృందాన్ని పిలిస్తే వచ్చే నష్టమేమిటి? పిలిచేటప్పుడు బేరమాడకుండా పిలవాలి. గుమ్మం బయట కాక, పందిట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టాలి.

అనంతగిరి చూడబోయే పాఠకులకు ఒక మాట. హైదరాబాదునుంచి వికారాబాదుకూ, తాండూరుకూ రైళ్ళున్నాయి. కార్తీకంలో అయితే కొండమీద జాతర, నవంబరులో ధారూరు జాతర. శ్రావణంలో అయితే తండాల్లో తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టల చుట్టూ లంబాడీ ఆడపిల్లల పాటలు. కొండ చూసి వెనక్కి రాకండి, తాండూరు దాకా వెళ్ళండి. అక్కడ ఏ టీకొట్టులోనైనా డప్పు వాయించేవాళ్ళెవరని అడగండి, చెప్తారు. వింటానంటే వాయిస్తారు. మంట మీద డప్పు కాచడానికి ఒక పావుగంట పడుతుంది. అంతసేపు ఓపిక పట్టండి. వచ్చేటప్పుడు వాళ్ళ ఫోను నంబరు మాత్రం మరిచిపోకుండా రాసుకోండి. మీ ఇంట్లో పెండ్లి వస్తుంది కదా!