90 సెకన్ల బొమ్మ

ఆ గదిలో పట్టపగలు కూడా లైటు వేసేవాళ్లం కాదు. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఆకుపచ్చ తెర వెలుగులోనే మా పని. పక్కన మరో చిన్న తెర, దానికి ఎదురుగా కెమెరా. ఒక్కో గీతా పైనుంచి కిందికి దిగుతూ ఫిల్మ్ మీద బొమ్మ పూర్తయ్యేసరికి 90 సెకన్లు పట్టేది. అంతసేపూ కుర్చీ కూడా కదిపేవాళ్లం కాదు.

నాకు బాగా గుర్తున్నది తేనెటీగ వెనక కాలు. 30 శాతం ఆల్కహాల్‌తో మొదలుపెట్టి 100 దాకా తెచ్చి నీరంతా పోగొట్టాం. ద్రవ కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచి, 31 డిగ్రీలు దాటించి, ముడుచుకుపోకుండా ఆరబెట్టాం. అల్యూమినియం స్టబ్ మీద అతికించి, అంచున సిల్వర్ పేస్ట్ చుక్క పెట్టాం. కోటింగ్ యంత్రం గాజు గదిలో ఊదారంగు వెలుగు లేచింది. కాలి మీద కొన్ని నానోమీటర్ల బంగారం పరుచుకుంది.

తీరా ఫొటో తీస్తే ఛార్జింగ్! 1965లో కేంబ్రిడ్జ్‌లో తయారైన స్టీరియోస్కాన్ మైక్రోస్కోప్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచీ ఈ రంగంలో అందరినీ ఏడిపించిన బాధే ఇది. జీవపదార్థం కరెంటును పారనివ్వదు. పడిన ఎలక్ట్రాన్లు బయటికి దారిలేక అక్కడే పోగవుతాయి. నూగు మొనలు తెల్లగా మెరిసిపోయాయి, పక్కన నల్లటి చారలు పడ్డాయి. బొమ్మ సగంలో ఉండగా జరిగిపోయి, కాలు విరిగినట్టు పడింది. ఫిల్మ్ వృథా.

నేను మళ్లీ బంగారం పూయబోతుంటే మా సీనియర్ టెక్నీషియన్ అన్న ఆపాడు. "పూత సరిపోకపోవడం కాదు తమ్ముడూ, దారి తెగింది. అడుగున చూడు" అన్నాడు. చూస్తే పేస్ట్ ఎండి, సన్నగా బీటలువారి ఉంది. మరో చుక్క పెట్టాం. స్టబ్‌ను వాల్చి ఇంకో పూత వేశాం. వోల్టేజీ 20 కిలోవోల్టుల నుంచి 5కి దించాం. ఆ రాత్రి డార్క్‌రూమ్‌లో, హైపో వాసన మధ్య, ఒక్కో వెంట్రుకా విడివిడిగా తేలింది.

ఇప్పుడా ఫిల్మ్ లేదు, హైపో వాసనా లేదు. 1 కిలోవోల్టుకే చక్కటి బొమ్మలిచ్చే యంత్రాలొచ్చాయి. తక్కువ శూన్యంలో గాలి అయాన్లే ఛార్జిని చల్లార్చేస్తాయి, చాలాసార్లు బంగారమే అక్కర్లేదు. అది మంచిదే. పూత రేణువులు దాచేసే సూక్ష్మమైన వివరాలు ఇప్పుడు కనబడుతున్నాయి.

కొత్తగా మైక్రోస్కోప్ ముందు కూర్చునే పిల్లలకు నా మాట ఒక్కటే. తెల్ల మచ్చ కనబడగానే కంప్యూటర్లో చెరిపేయకండి. ముందు శాంపిల్ అడుగున చూడండి.