ప్లగ్గులో సందు

ఎర్రగడ్డ రైతు బజారుకు మన సంఘంవారి కూరగాయలు మోసే టర్బో సీఎన్జీ పికప్‌కు మోతీనగర్‌లో ఇంటి ముందే స్పార్క్ ప్లగ్గులు మార్చాం. ఖాళీగా బాగానే నడిచే బండి, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులు పెట్టేది. ఇంజను చల్లారాక నాలుగు ప్లగ్గులూ విప్పి చూస్తే, కొసలు అరిగి మధ్య సందు పెరిగింది. టర్బో గాలిని ఒత్తి పంపుతుంది. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ పెద్ద సందును దాటలేకపోతుంది. కొత్తవాటి సందు గేజుతో కొలిచి, చేత్తో మర పట్టించాకే పానా పెట్టాం.

ప్రియులారా, అన్నదమ్ముల మధ్య సందు కూడా తేలిక రోజుల్లో తెలియదు. అప్పో జబ్బో మీద పడ్డప్పుడు బయటపడుతుంది. మాటలు ఆగిపోయిన ఇంటికి ఈ రాత్రే ఫోన్ చేద్దాం, బరువు ఎక్కక ముందే. ఆ మొదటి మాట ప్రభువు మనకు ఇచ్చును గాక. ఆమేన్.