వనభోజనమున వండువారి పంక్తి

కార్తికమాసము ప్రవేశింపఁగానే మన యిండ్లలో వనభోజనముల మాట పుట్టును. ఉసిరికచెట్టు నీడను పూజ సల్పి, బంధుమిత్రులతోఁ గలసి భుజించుట మన పెద్దలు నెలకొల్పిన చక్కని యాచారము. మేము నల్లగొండ చెంతనున్న పానగల్లులో ఛాయాసోమేశ్వరుని దర్శించి, ఆ ప్రాంతపుఁ దోఁటలలోఁ బొయ్యి పెట్టుకొందుము. పాలమూరు వైపున మా పుట్టినింటివారు ఉమామహేశ్వరమునకుఁ బోవుదురు గాని, అది నల్లమల యడవి యగుటచే వండిన పదార్థములనే కొనిపోవుదురు. అభయారణ్యములలో నిప్పు రగుల్చుటను 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది.

సోదరీమణులారా! ఆ దినమున వనమును గన్నులారఁ జూచువారెవ్వరో విచారింపుఁడు. పురుషులు నీడను గూర్చుండి ముచ్చటింతురు, పిల్లలు ఆడుకొందురు. స్త్రీలు మాత్రము మూఁడురాళ్ల పొయ్యిముందు పొగలోఁ గూర్చుండి, కలియఁబెట్టుచు, దింపుచు, వడ్డించుచు, అందఱును లేచిన పిదప మిగిలినదానిని తిందురు. వంటయిల్లు తోఁటకు మాఱినది గాని శ్రమ మాఱలేదు.

అరణ్యవాసమున లభించిన యక్షయపాత్ర కథ మన మెఱిఁగినదే. ద్రౌపది భుజించువఱకు అందలి యన్నము తఱుఁగదు. ఆ మహిమను గొనియాడుచు ఒక సంగతి మఱచుచున్నాము: అందఱును దిన్న పిదపనే యామె భుజింపవలసియుండెను. అక్షయపాత్ర మనకు లేదు. ఆ కట్టుబాటు మాత్రము నేఁటికిని మన యిండ్లలో నిలిచియున్నది.

రెండేండ్లనుండి మేము వనభోజనమునకు మూఁతగల పోతయినుప పాత్ర నొకదానిని కొనిపోవుచున్నాము. మా యాఁడుబిడ్డ కుమారుఁడు అమెరికానుండి తెచ్చెను. అచట దీనిని డచ్ ఓవెన్ అందురు. అడుగున మూఁడు పొట్టికాళ్లు; మూఁతచుట్టును నిప్పులు జాఱకుండ అంచు. పదియంగుళముల పాత్ర యాఱు కిలోల బరువుండును. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ యనునాతఁడు ఇసుక యచ్చులలో ఇనుపపాత్రలు పోయుపద్ధతికి 1707లో హక్కు పొందెను. అమెరికాలోని యూటా రాష్ట్రము 1997లో దీనిని తమ రాష్ట్రపు వంటపాత్రగాఁ బ్రకటించినది. ఐనను దీని మర్మము మనకుఁ గ్రొత్తకాదు. దిబ్బరొట్టెకు మూఁతపై నిప్పులు పోయుట మన యవ్వలును, దమ్ము వంటకు నిప్పులు కప్పుట హైదరాబాదు వంటవారును ఎఱిఁగినదే.

ఇందు మేము చేయునది తపాలచెక్క. అరకిలో బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, జీలకఱ్ఱ, కరివేపాకు, కారము, ఉప్పు కలిపి ముద్దచేయవలెను. కార్తికమగుటచే ఉల్లి వేయము. పాత్రకు పల్లీనూనె రాచి, పిండిని వ్రేలిమందమునఁ బఱచి, అక్కడక్కడ వ్రేలితో గుంటలుచేసి వానిలో నూనె విడువవలెను. తుమ్మకఱ్ఱ నిప్పులలో ఒక పాలు అడుగునను, రెండుపాళ్లు మూఁతపైనను ఉంచవలెను. కూర యుడికించునప్పుడు అడుగుననే హెచ్చుగా నుండవలెను. పదునైదు నిమిషముల కొకమాఱు పాత్రను ఒకవైపునకు, మూఁతను మఱియొకవైపునకుఁ గొంత త్రిప్పినచో వేఁడి సమముగాఁ దగులును. దాదాపు నలువది నిమిషములలో రెండువైపులను ఎఱ్ఱఁగాఁ గాలును. తిరుగవేయఁ బనిలేదు, దగ్గఱ నిలువఁ బనిలేదు.

కాలిన పాత్రపైఁ జన్నీళ్లు పోయరాదు, పోతయినుము పగులును. ఇత్తడివలెఁ జింతపండుతోఁ దోమరాదు. నూనె కాఁగి పట్టిన నల్లనిపొర పోయి త్రుప్పు పట్టును. వేఁడినీట కడిగి, తుడిచి, పలుచగ నూనెరాచి యుంచవలెను. పులుసులను వండినంతనే వేఱొక గిన్నెలోనికి మార్పవలెను.

ఇనుపపాత్రలో వండిన యాహారమునందు ఇనుము కొంత చేరును. ఇథియోపియాలో ఇనుపకుండల వంట తిన్న పిల్లలలో, అల్యూమినియపు వంట తిన్నవారికంటె రక్తహీనత తగ్గినదని 1999లోఁ బ్రకటితమైన పరిశోధన తెల్పుచున్నది. మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నదని 2019-21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన తేల్చినది. అట్టి వ్యాధికి వైద్యునిఁ జూడవలసినదే. పాత్ర యొక్కటి చాలదు. కాని కూరయు పప్పును ఉన్నప్పుడే వండినది భుజించుటకుఁ బాత్రయు వైద్యుఁడును అక్కఱలేదు. ఇంటివారి సమ్మతి చాలును.

మా వారు ఉపాధ్యాయులు. గడియారముఁ జూచి మూఁత త్రిప్పు పని వారే కైకొనిరి. నలుఁడును భీముఁడును వంటలోఁ బ్రసిద్ధులు గదా. వారి కథలు చదివినవారు పట్టకారు పట్టుటకు సిగ్గుపడనేల? ఆ సమయమున మేము చెఱువుగట్టుపై నడచి వచ్చుచున్నాము. అందఱితోఁబాటు విస్తరిముందుఁ గూర్చుండుచున్నాము.

ఇనుపపాత్ర లేనివారు ఇంటి మందపు మూకుడునే కొనిపోవుఁడు. ఈ కార్తికమున వండినవారికి మొదటి పంక్తిలోనే విస్తరి వేయుఁడు. ఉసిరికచెట్టు నీడ అందఱిది.