పిల్లలకు మంచు చూపించాలి

"పిల్లలకు మంచు చూపించాలి" అన్న మాట మా ఇంట్లో రెండేళ్లుగా తిరుగుతోంది. తెలుగులో కర్త లేకపోయినా వాక్యం హాయిగా నడుస్తుంది. ఎవరు చూపించాలి? ఊరు ఎవరు వెతకాలి, ఉన్నిబట్టలు ఎవరు సర్దాలి, దారిలో వాంతులు ఎవరు ఎత్తాలి? ఇవేవీ చెప్పకుండానే వాక్యం పూర్తయిపోతుంది. సాహిత్యంలో డాక్టరేటు చేసినందుకు నాకు మిగిలిన జబ్బు ఏమిటంటే, ఎవరేమన్నా అందులో కర్త ఎక్కడుందో వెతుక్కోవడం. ఈ వాక్యంలో వెతికితే అక్కడ నేనే కూర్చుని ఉన్నాను. మంచు ఎవరికి అన్నచోట మాత్రం నేను లేను. అది పిల్లలకు.

మేముండేది సూర్యాపేటలో. అత్తగారిల్లు కోదాడ, పుట్టిల్లు మిర్యాలగూడ. పదేళ్లుగా మా సెలవులన్నీ ఈ మూడు ఊళ్ల మధ్యే కరిగిపోయాయి. దసరాకు ఒకచోట, సంక్రాంతికి ఇంకోచోట, ఎండాకాలం రెండుచోట్లా. నాకు మారేది వంటగది ఒక్కటే. నా సహచరుడు (ఈ మాట రాసినప్పుడల్లా మా అమ్మ నవ్వుతుంది) బ్యాంకులో పనిచేస్తాడు. ఈసారి వాళ్ల ప్రయాణ రాయితీ వాడుకోవచ్చని తెలిశాక మంచు మాట గట్టిపడింది. ఆ ఫారంలో నా పేరు "ఆధారపడినవారు" అనే గడిలో, ఏడేళ్ల కూతురికీ నాలుగేళ్ల కొడుక్కీ పైన ఉంది. "ఊరు నువ్వే చూడు, నీకు ఇలాంటివి బాగా వచ్చు" అన్నాడు. ఈ మెచ్చుకోలు మనలో చాలామందికి పరిచయమే అనుకుంటాను.

సరే, చూడటం మొదలుపెట్టాను. నా పరిశోధన కూడా యాత్రాచరిత్రల మీదే కాబట్టి పని కొత్తది కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారంతో ఏడాదికి పైగా తిరిగి, మజిలీలు, ఏర్లు, ఊళ్లలో దొరికే సరుకులు అన్నీ ఓపిగ్గా రాశాడు. వెంట ఉన్న ఆడవాళ్లకు ఆ దారి ఎలా తోచిందో మాత్రం మనం ఊహించుకోవలసిందే. తర్వాత ఎన్నో ఏళ్లకుగానీ నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' రాయలేదు. ఒక స్త్రీ తన కళ్లతో మంచుకొండల్ని చూసి తెలుగులో చెప్పిన పుస్తకమది. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన ఉన్న బల్ల మీదే నేను హోటళ్లూ, మజిలీలూ రాసుకున్నాను.

మొదట గుల్మార్గ్. మన దేశంలో స్కీయింగ్, అంటే కాళ్లకు రెండు పొడుగాటి పలకలు కట్టుకుని మంచువాలు మీద జారడం అంటే ముందు చెప్పేది ఆ పేరే. ఊరే 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గండోలా రెండో దశ 3,900 మీటర్లు దాటి పైకి తీసుకుపోతుంది. పెద్దవాళ్లకు అది గొప్ప. కానీ 2,500 మీటర్లు దాటాక కొందరికి ఎత్తు పడదు, ముఖ్యంగా రాత్రి అక్కడే పడుకుంటే. తల నొప్పిగా ఉందని నాలుగేళ్లవాడు చెప్పలేడు. అన్నం మానేస్తాడు, చిరాకు పడతాడు, కక్కుతాడు. అవన్నీ వాడు సూర్యాపేటలో కూడా చేస్తాడు కాబట్టి ఏది ఎత్తుకో, ఏది అలకకో పోల్చుకునే పని రాత్రంతా ఎవరిదవుతుందో చెప్పనక్కర్లేదు. పైగా మంచు కూడా మాట మీద నిలబడటం లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మంచులేక గోధుమరంగులో ఉన్న ఫొటోలు పేపర్లలో చూశాం. ఇక 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపాక మా రెండిళ్లలో కాశ్మీరు పేరెత్తడమే కష్టమైంది. మనం వెళ్లడం క్షేమమా కాదా అన్నంతవరకే మన ఆలోచన ఆగుతుంది, అక్కడే పిల్లల్ని పెంచుకుంటున్న ఆడవాళ్ల దాకా పోదు. నా ఆలోచనా అక్కడే ఆగింది, ఆ కాగితం పక్కన పెట్టాను.

ఔలీ ఇంకా తొందరగా పోయింది. కింద జోషీమఠ్‌లో 2023 జనవరిలో ఇళ్ల గోడలు పగుళ్లిచ్చి కుటుంబాలు ఇళ్లు వదిలి పోవలసి వచ్చింది. వాళ్లు ఖాళీ చేసిన ఊరి మీదుగా మేం జారుడాటకు పోవడం నాకు మింగుడుపడలేదు.

మనాలి మిగిలింది. మనాలి పేరు వినగానే మిర్యాలగూడలో మా అమ్మ ఫోన్లోనే ఏడ్చినంత పనిచేసింది. 2014 జూన్ 8 ఆమె మరచిపోలేదు. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో, ఫొటోలు దిగుతుండగా లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. వాళ్ల తల్లుల్ని టీవీలో రోజుల తరబడి చూసింది మా అమ్మ. "ఆ నీళ్ల పొంటి పోవద్దు బిడ్డా" అంటుంది. మండీ దాటాక దారి ఆ నది వెంటే పోతుంది. నేనామెకు చెప్పగలిగింది ఒక్కటే. నదిలోకి దిగే ఏ ఆటా మా లెక్కలో లేదు, ఒడ్డున హోటలు తీసుకోం, ఫొటో కోసం రాళ్ల మీదికి పోం. ఇది మా అమ్మ భయం నుంచి పుట్టిన నియమమే అయినా నాకు సబబుగానే తోచింది.

మనాలిలో నాకు నచ్చింది, మంచు ఉన్నచోట పడుకోనక్కర్లేదు. ఊరు 2,050 మీటర్ల దగ్గర ఉంది. పదమూడు కిలోమీటర్ల అవతల సోలాంగ్ లోయ 2,500 దగ్గర. పొద్దున పోయి సాయంత్రానికి కిందికి రావచ్చు. అక్కడి వాలు మెత్తన, కొత్తగా నేర్చుకునేవాళ్లకు సరిపోతుంది. సోలాంగ్‌లో మంచు లేకపోతే 2020 అక్టోబరులో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపు సిస్సు దాకా పోవచ్చు. అది మూడువేల మీటర్లు దాటిన చోటు కాబట్టి గంటసేపు చూసి వెనక్కి. దారిలో దుకాణాల్లో కోట్లు, గంబూట్లు అద్దెకిస్తారు కాబట్టి ఇక్కడ కొనే పని లేదు.

దారి సంగతి మాత్రం చాలాసేపు ఆలోచించాను. ఢిల్లీ నుంచి మనాలికి రాత్రి బస్సులో పోవడమే అందరూ చేసే పని. రాత్రి బస్సంటే ఆడవాళ్లకు ఏమిటో మనకు తెలుసు. సాయంత్రం నుంచి నీళ్లు తాగం. బస్సు ఆగేది డ్రైవరుకు ఆకలేసినప్పుడు. ఆగినచోట మరుగుదొడ్డి ఉంటే నీళ్లుండవు, నీళ్లుంటే గడియ ఉండదు. పాపను వెంట తీసుకుపోయి తలుపు నేను పట్టుకోవాలి, మరి నాకెవరు పట్టుకోవాలి? ఇక నెలసరి. పండక్కీ, పెళ్లికీ, తిరుపతికీ మాత్రలు మింగి వాయిదా వేసుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. విహారయాత్రకు కూడా మింగాలా అని ఈసారి నన్ను నేనడిగి, మింగనని అనుకున్నాను. అంటే దారి నా ఒంటికి తగ్గట్టుండాలి. అందుకే విమానంలో చండీగఢ్ దాకా పోయి, అక్కణ్నుంచి మూడువందల కిలోమీటర్లూ పగటిపూటే, మధ్యలో ఒక రాత్రి ఆగి పోయేట్టు వేశాను. ఖర్చు పెరిగింది. "దీనికింత అవసరమా?" అని సహచరుడు లెక్క చూసి అడిగాడు. అవసరమేనని చెప్పాను.

ఇంతవరకూ నేను చేసింది మంచి తల్లి చేసేదే. ఎత్తు, దారి, వాంతులు, క్షేమం. డెన్వర్‌లో ఉండే ఎం.ఏ. నాటి స్నేహితురాలితో మాట్లాడాక లెక్క తిరగబడింది. అక్కడ స్కీ ఊళ్లలో పిల్లల్ని పొద్దున అప్పజెబితే మధ్యాహ్నం దాకా పాఠం చెప్పి, తిండి పెట్టి, అప్పగిస్తారట. "మరి నువ్వు జారుతావా?" అని అడిగాను. "నేనా? నేను కింద లాడ్జిలో పులిహోర డబ్బాలు పట్టుకుని కూర్చుంటా. గ్లౌజులు ఎవరు చూస్తారు?" అంది. పిల్లల్ని చూసుకునే మనుషులు దొరికినా ఆమె బెంచీ మీదే ఉంది. మరి అలాంటి ఏర్పాటు ఆశించలేని సోలాంగ్‌లో నేనెక్కడుంటానో కళ్లకు కట్టినట్టు కనపడింది.

నాకు జారడం ఇష్టం. మిర్యాలగూడలో రైసు మిల్లుల వెనక ఊక గుట్టలుండేవి. తాటిచెట్టు సగం ఎత్తు. బడి నుంచి వచ్చి ఎక్కడం, కూర్చుని జారడం, ఒళ్లంతా దురద, అమ్మచేతి దెబ్బలు, మళ్లీ మర్నాడు ఎక్కడం. పైనుంచి కిందికి వచ్చే ఆ కొన్ని క్షణాలు ఎవరి మాటా వినపడేది కాదు. పెద్దమనిషినయ్యాక నన్ను ఆపేశారు. దురద గురించి కాదు, ఊక లోపల రాజుకుని ఉంటుందనే భయంతోనూ కాదు. "లంగా లేస్తది" అన్నారు. అదే గుట్ట మీద మా తమ్ముడు ఇంకో నాలుగేళ్లు జారాడు. ఈ ముచ్చట నా పిహెచ్.డి.లో ఎక్కడా పట్టలేదు. అమ్మాయిల కదలిక మీద అదుపు గురించి ఓ అధ్యాయం మాత్రం రాశాను.

సోలాంగ్ పక్కనే బురువా అనే ఊరుంది. 2018 జనవరిలో టర్కీ పోటీల్లో కాంస్యం గెలిచి, స్కీయింగ్‌లో భారతదేశానికి మొదటి అంతర్జాతీయ పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్‌ది ఆ ఊరే. ఈ సంగతి చెబుతుంటే మా పాప తనకు తెలిసిన పేరు ఎత్తింది, మాలావత్ పూర్ణ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు, కొండ ఎక్కడంలో తొలి పాఠాలు మన భువనగిరి గుట్ట మీదే నేర్చుకుంది. "పూర్ణక్క ఎక్కినప్పుడు వాళ్లమ్మ ఎక్కడుంది?" అని అడిగింది పాప. పొలం పనికి పోయే తల్లి, ఊళ్లోనే ఉంది అన్నాను. "నువ్వు ఎక్కడుంటవ్, కిందనా?" అంది వెంటనే. పిల్లలకు జాలి ఉండదు.

అందుకని కొత్తగా ఒక గీత గీశాను. ఇప్పటిదాకా ఏ ఊళ్లో మంచు బాగుంటుందని చూశాను, ఇప్పుడు ఏ ఊళ్లో నాకు రెండు గంటలు దొరుకుతాయని చూశాను. వారాల తరబడి సాగే శిక్షణ కోర్సులు మనాలి పర్వతారోహణ సంస్థ నడుపుతుంది, అంతకాలం ఇల్లు వదలడం నా వల్ల కాదు. గంటల లెక్కన నేర్పేవాళ్లు సోలాంగ్ వాలు మీదే ఉంటారు. మూడు రాత్రుల్లో రెండు పొద్దుటలు, పది నుంచి పన్నెండు, నావి. ఆ గంటల్లో పిల్లలు తండ్రి దగ్గర. అలా మనాలి ఖాయమైంది.

మిగిలింది పండగ. బడికి దసరా సెలవుల్లో వాలు మీద మంచుండదు, ఎండాకాలంలో పైకి రోహ్‌తాంగ్ దాకా పోవాలి. మంచూ, సెలవులూ కలిసేది సంక్రాంతికే. సంక్రాంతంటే కోదాడలో అత్తమ్మతో కూర్చుని సకినాలు చుట్టడం, గారెలు, ముగ్గులు, ఆడబిడ్డల రాకలు. పదేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ముందే వెళ్లి అన్నీ చేసిపెట్టి వద్దామా అనే ఆలోచన వచ్చింది గానీ, సెలవు కావాలంటే దాని వెల ముందే చాకిరీతో కట్టాలన్న లెక్క నాకు నచ్చలేదు. నేరుగా చెప్పాను.

"పండగ పూట ఇంటికి తాళమేసుకోని యాడికి పోతరు?" అన్నది అత్తమ్మ. తర్వాత రెండు రోజులు ఫోన్ లేదు. మూడో రోజు తనే చేసింది. "పోండ్రి. ఈసారి నేను గూడ సకినాలు చెయ్య. చేతులు గుంజుతున్నయ్. బిడ్డలొస్తే దుకాణంల తెప్పిస్త." నలభై ఏళ్లుగా చుట్టిన చేతులు గుంజుతున్నాయని ఆమె అనడం నేను మొదటిసారి విన్నాను. మాతో రమ్మంటే చలికి రానంది. తాళం పడకుండా ఇంట్లో ఉండి, టీవీ చూస్తానంది.

మా ఇంట్లో పనిచేసే అక్క కూడా అడిగింది, ఆ వారం జీతం కోస్తారా అని. కొయ్యనని, ఆమెకూ సెలవేనని చెప్పాను. ఆమె ఎటూ పోదు, సూర్యాపేటలోనే ఇంకో రెండిళ్లలో పని ఉంది.

భోగి ముందురోజు బయలుదేరతాం. హైదరాబాద్ మొత్తం పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర బారులు తీరి మా వైపు వస్తుంటే మేం ఎదురు పోతాం. తిరిగొచ్చేటప్పుడూ అంతే, జనమంతా పట్నం పోతుంటే మేం సూర్యాపేటకు. రెండుసార్లూ మా పక్క రోడ్డు ఖాళీగానే ఉంటుంది.

నిన్న రాత్రి సహచరుడు కాగితం చూసి, "పది నుంచి పన్నెండు చిన్నోడు ఏడిస్తే?" అన్నాడు.

"ఎత్తుకో."

కాసేపాగి, తడిసిన ప్యాంటు మార్చాల్సి వస్తే పొడివి ఏ సంచిలో ఉంటాయని అడిగాడు. ఈసారి సంచులు సర్దేది ఆయనే కాబట్టి నాకు తెలియదన్నాను.