మషికోలో ఒక మట్టి కప్పు

'చక్రధారి' చూశారుగా? 1977లో వచ్చింది. కుమ్మరి గోరాగా అక్కినేని! జపాన్ వాళ్ళకూ అలాంటి కుమ్మరి సినిమా ఒకటుంది. 1953లో మిజొగుచి తీసిన 'ఉగెత్సు'. అందులో హీరో కుండలమ్మి డబ్బు చేసుకోవాలన్న యావలో పడి ఇల్లాలిని పోగొట్టుకుంటాడు. ఆ సినిమా రెండుసార్లు చూసి కూడా బుద్ధి రానివాణ్ణి నేను!

నిరుడు టోక్యోలో ఒక పాతసామాన్ల సంతకి వెళ్ళాను. ఒకాయన చెక్కపెట్టె తెరిచి, గోధుమరంగు గిన్నె చూపించి "హమదా! హమదా!" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. హమదా షోజి అంటే జపాన్ కుమ్మరుల్లో మన ఎన్టీఆర్ అంతటివాడు. ఆయన గిన్నె లక్షల యెన్‌లు పలుకుతుంది. ఈయన అడిగింది పదివేలే! మళ్ళీ అడిగితే ధర పెంచేస్తాడేమోనని గబగబా డబ్బిచ్చి బయటపడ్డాను.

ఆ రాత్రి టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా మిత్రుడికి గర్వంగా చూపించాను. వాడు పెట్టె మూత చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒరేయ్, దీనిమీద 'పూలకుండీ' అని రాసుందిరా! గిన్నె ఎక్కడిదో, పెట్టె ఎక్కడిదో. హమదా పేరైతే అసలే లేదు."

పెట్టె ఊపితే గిన్నె లోపల గడగడలాడింది. ఆ సంగతి కొనేటప్పుడే చూడాల్సింది. తయారుచేసినవాడే పేరు రాసిచ్చే పెట్టెని 'తోమొబాకో' అంటారు. గిన్నె అందులో ఒదిగి కూర్చోవాలి. మూతమీద రాత ఆ గిన్నె గురించే ఉండాలి.

పోయినచోటే వెతుక్కోమన్నారు పెద్దలు. మర్నాడే హమదా ఊరు మషికోకి బయల్దేరాం. టోక్యోకి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు. షింకాన్సెన్‌లో ఒయమ దాకా, అక్కడ మారి షిమొదతె, మళ్ళీ మారి మోఒక లైను చిన్న బండి. మే మొదటివారం. కిటికీలోంచి నాట్లకు నీళ్ళు పెట్టిన మళ్ళు చూస్తుంటే తెనాలి ప్యాసింజరులో ఉన్నానా అనిపించింది.

మషికోలో కుండలు చేయడం 1853లో మొదలైంది. నీళ్ళ జాడీలు, వంటింటి గిన్నెలు... ఇవే అక్కడి సరుకు. ఇంగ్లండు వెళ్ళొచ్చిన హమదా 1924లో ఏరికోరి ఈ పల్లెకి చేరాడు. ఇక్కడి ముతక మట్టితోనే, ఇక్కడి రాళ్ళపొడితోనే చేశాడు. 1955లో ప్రభుత్వం ఆయన్ని 'సజీవ జాతీయ నిధి'గా గుర్తించింది. 1978లో పోయాడు. గరిటెతో పళ్ళెంమీద రంగు చిమ్మడానికి ఆయనకి పదిహేను సెకన్లు చాలట. అంత తేలికా అని ఎవరో అడిగితే, పదిహేను సెకన్లు కాదు, దానిముందు అరవయ్యేళ్ళు కలుపుకోమన్నాడట. చప్పట్లు పడే డైలాగు కదూ!

అసలు విశేషం చెప్పనా? అంతటివాడు తన కుండలమీద సంతకం చేయడం మానేశాడు. సంతకం పెట్టెకే! నేను సంతలో వెతికింది పేరుని. ఆయన వద్దనుకున్నదీ ఆ పేరునే.

1966 నుంచి ఇక్కడ ఏటా వసంతంలో, శరత్తులో కుండల తిరునాళ్ళు జరుగుతున్నాయి. జొనాయిజక వీధి పొడవునా గుడారాలే. చేసినవాళ్ళే కూర్చుని అమ్ముతారు. 2011 భూకంపంలో ఈ ఊరి ఆవాలు ఎన్నో కూలిపోయాయి. అయినా మళ్ళీ కట్టుకున్నారు.

నా జేబులో మిగిలింది మూడువేల యెన్‌లు. ఒక గుడారంలో నున్నగా తళతళలాడే కప్పు తీశాను. అక్కడి పెద్దావిడ తల అడ్డంగా ఊపి దాన్ని బోర్లించి చూపించింది. అడుగున పూత ఉండదు. మట్టి నిజరూపం అక్కడే తెలుస్తుంది. మేకప్ తీసేసిన హీరోయిన్ని చూసినట్టన్నమాట! తర్వాత కళ్ళు మూసుకోమని సైగచేసి, ఒక్కొక్క కప్పే నా చేతిలో పెట్టింది. నాలుగోది అరచేతిలో ఒదిగిపోయింది. కళ్ళు తెరిస్తే... కాస్త వంకరగా, ఇసుక తగిలే ముతక కప్పు!

రంగేమిటంటే 'కాకి' అంది. నల్లగా ఉందా అని చూస్తే ఇటుక ఎరుపు. కాకి అంటే వాళ్ళ భాషలో టమాటోలాంటి ఒక పండులెండి. పక్కనున్న తెల్లపూత ఊక బూడిదతో చేసిందట. మన పల్లెల్లో గిన్నెలు తోమే బూడిద అక్కడ అందమైపోయింది!

కప్పు రెండువేల యెన్‌లు. మన డబ్బులో వెయ్యి రూపాయలు దాటుతుంది. వాడేముందు బియ్యం కడుగులో ఉడికించమంది. గంజి మట్టిరంధ్రాల్లోకి దిగి మరకలు పట్టవట. రోజూ వాడితే రంగు తేరుతుందనీ చెప్పింది.

మీకూ సరదా పుడితే ఒక్క కప్పుతో మొదలెట్టండి. బోర్లించి చూడండి, చేత్తో తూచండి, అంచు పెదవికి ఎలా తగులుతుందో ఊహించుకోండి. పెట్టె కథలు తర్వాత!

ఇప్పుడు హైదరాబాదులో నా కాఫీ ఆ కాకి కప్పులోనే. మరి పదివేల గిన్నె? మూడు నెలలు బీరువాలో దాచేశాను, చూస్తే సిగ్గేసి. మొన్నొకరోజు తీసి, బోర్లించి చూశాను. మట్టి మంచిదే. చేతిలో బాగానే కూర్చుంది. అబద్ధమాడింది మనిషి గానీ గిన్నె కాదు కదా! ఆ రోజునుంచీ రాత్రి పెరుగన్నం అందులోనే తింటున్నాను.