నడుం కాదు, అమ్మ వేలు పెట్టి చూపించిన చోటు



పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మేం ఇద్దరం అక్కచెల్లెళ్లం. పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు మాది. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా అమ్మకి వచ్చిన నొప్పి గురించి, దాన్ని మేం ఎంత తప్పుగా అర్థం చేసుకున్నామో చెప్దామని రాస్తున్నాం. అమ్మని అడిగితే "రాయండి, ఇంకో తల్లికి పనికొస్తది" అంది.

పోయినేడాది కాఫీ పళ్లు కోసే రోజుల్లో అమ్మ గెడ్డ దగ్గర పాచి పట్టిన రాయి మీద జారింది. తల మీద బిందె ఉంది. రెండు చేతులూ బిందె మీదే ఉండడంతో నేలకి చెయ్యి ఆనించలేకపోయింది. ఎడమ పిర్ర మీద కూలబడింది. లేచి, మళ్లీ నీళ్లు నింపుకుని ఇంటికొచ్చింది. మర్నాడు తోటకి కూడా వెళ్లింది.

వారం తిరిగేసరికి మంచం మీద ఇటు నుంచి అటు తిరగాలంటే కేక పెట్టేది. కింద కూర్చుంటే కుడి పక్కకి ఒరిగి కూర్చునేది. ఇంటి మెట్టు ఎక్కుతుంటే ఎడమ కాలు మీద బరువు వెయ్యలేక గుంజ పట్టుకునేది. దిసారి వచ్చి చూశాడు, ఆకు పసరు కట్టాం. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేస్తే రెండు రోజులు హాయిగా ఉండేది, మూడో రోజు మళ్లీ మామూలే. టౌన్లో ఒక చోట ఎక్స్‌రే తీసి "ఏం లేదు" అన్నారు. ఇంకో చోట "డిస్కు అయ్యుంటుంది" అని నెలకి సరిపడా నొప్పి బిళ్లలు రాశారు.

ఇక్కడ మా తప్పు చెప్పాలి. మా ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. అమ్మకి తెలుగు సంతలో బేరానికి సరిపోయేంతే వచ్చు. అందుకే ప్రతి ఆసుపత్రిలోనూ ఆమె తరఫున మేమే జవాబులు చెప్పాం. డాక్టరు అడగ్గానే "నడుం నొప్పండీ" అనేవాళ్లం. అమ్మ పక్క నుంచి మా చెయ్యి లాగి "నడుం కాదే, కింద" అంటూనే ఉంది. "రెండూ ఒకటేలే అమ్మా" అని మేమే సర్దేశాం. చదువుకున్నోళ్లం కదా!

నాలుగో చోట ఒక ఫిజియోథెరపిస్టు మేడం మమ్మల్ని ఆపేసింది. "మీరు చెప్పొద్దమ్మా. ఆమెనే ఒక్క వేలితో చూపించమనండి" అంది. అమ్మ వేలు పెట్టింది. నడుం మీద కాదు. నడుం కింద, పిర్ర పైన, ఒక పక్కన సొట్టలా ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ. మళ్లీ అడిగినా అదే చోటు. "ఇది నడుం కాదు, ఎస్‌ఐ జాయింట్ అయ్యుండొచ్చు" అంది ఆ మేడం. మూడు నెలలుగా అమ్మ చెప్తున్నది కూడా అదే కదా.

ఎస్‌ఐ జాయింట్ అంటే శాక్రోఇలియాక్ జాయింట్. వెన్నుపూసల అడుగున ముక్కోణంలా ఒక ఎముక ఉంటుంది. దానికి రెండు పక్కలా తుంటి ఎముకలు రెక్కల్లా అతుక్కుని ఉంటాయి. ఆ అతుకులే ఈ కీళ్లు, కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి. ఇంటి దూలం బరువు గుంజల మీదకి దిగినట్టు, మన ఒంటి బరువూ తల మీద మోసే బరువూ ఈ కీళ్ల మీదుగానే కాళ్లలోకి దిగుతాయి. ఇవి కదిలేది చాలా కొంచెమే. గట్టి నరాల్లాంటి కట్లు వీటిని పట్టి ఉంచుతాయి. కింద పడినా, ఎప్పుడూ ఒకే పక్క బరువు మోసినా ఆ కట్లు బెణుకుతాయి. కడుపుతో ఉన్నప్పుడు కాన్పుకి దారిచ్చేందుకు అవి వదులవుతాయి కూడా. మా అమ్మకి నాలుగు కాన్పులు. ప్రతిసారీ పచ్చి బాలింతగా ఉండగానే కట్టెల మోపు ఎత్తుకుంది. చంటిదాన్ని ఎప్పుడూ ఎడమ చంకనే వేసుకునేది.

మేడం అమ్మని పడుకోబెట్టి నాలుగైదు పరీక్షలు చేసింది. మడమని రెండో మోకాలి మీద పెట్టి మోకాలిని పక్కకి నొక్కడం, పక్కకి తిప్పి తుంటిని పైనుంచి నొక్కడం, తొడ నిలువుగా ఎత్తి కిందకి తొయ్యడం, ఇలాంటివి. ఒక్కదానికి నొప్పొస్తే చాలదట. మూడు, అంతకన్నా ఎక్కువ వాటికి అదే నొప్పి వస్తే అనుమానం గట్టిదవుతుంది. ఎక్స్‌రేలో ఏం కనపడకపోయినా ఈ నొప్పి ఉండొచ్చు. డిస్కు నరాన్ని నొక్కితే నొప్పి మామూలుగా మోకాలు దాటి పాదం దాకా తిమ్మిరిగా లాగుతుంది. దీనిది ఎక్కువగా పిర్ర, తొడ వెనక వరకే.

వైద్యం పెద్ద ఖర్చేం కాలేదు. నెలల తరబడి మింగుతున్న నొప్పి బిళ్లలు డాక్టరు ఆపించారు. అవి కడుపునీ కిడ్నీలనీ పాడు చేస్తాయి. కొన్నాళ్లు బెల్టు వాడమన్నారు. నడుంకి కాదు, దానికి కింద, తుంటి చుట్టూ. మంచం దిగేటప్పుడు మోకాళ్లు రెండూ కలిపి పక్కకి తిరిగి లేవాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిర్రలు బిగించి తుంటి పైకి లేపే వ్యాయామం రోజూ చెయ్యాలి. పూర్తిగా మంచాన పడితే కండలు ఇంకా బలహీనమవుతాయట, అందుకే నడవాలి. వీటితో తగ్గకపోతే స్కానింగ్‌లో చూసుకుంటూ కీలులోకే ఇంజెక్షన్ ఇస్తారు. మాకు అక్కడిదాకా రాలేదు.

చివర్లో "బరువులు తగ్గించాలమ్మా" అన్నారు. మేం అమ్మకి మా మాటలో చెప్పాం. అమ్మ నవ్వింది. "మరి నీళ్లెవరు తెస్తారు?" అంది. ఆ ప్రశ్నకి ఆసుపత్రిలో మందు లేదు. అక్కడ ఉన్న మా ముగ్గురిలో ఎవ్వరం మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక నాన్న రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున్నే కావిడి తీసుకుని గెడ్డకి వెళ్లాడు. ఊళ్లో ఒకరిద్దరు నవ్వారు కూడా. ఇప్పుడు పెద్ద బిందెలు నాన్నా తమ్ముడూ తెస్తున్నారు, సెలవుల్లో మేం తెస్తున్నాం. అమ్మ చిన్న బిందె మాత్రమే ఎత్తుతుంది. రెండు నెలలకి రాత్రి కేకలు పోయాయి. పూర్తిగా తగ్గిందని చెప్పం. వాన రోజుల్లో ఏటవాలు దిగితే ఇప్పటికీ పట్టేస్తుంది.

ఇంకో మాట మన తోటి కుర్రాళ్ల కోసం. కానిస్టేబుల్ రన్నింగ్ ప్రాక్టీసులో పట్టేసిందిలే అని ఇదే చోటి నొప్పిని వదిలెయ్యకండి. నొప్పి మూడు నెలలు దాటినా, తెల్లారుజామున నిద్ర లేపేసినా, పొద్దున్నే అరగంటకి పైగా ఒళ్లు బిగుసుకుపోయి నడిచే కొద్దీ సడలుతున్నా అది బెణుకు కాకపోవచ్చు. కీలు లోపల వాపు జబ్బు అయ్యుండొచ్చు. పెద్దాసుపత్రిలో రుమటాలజీ డాక్టరుకి చూపించుకోండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించుకోండి, ఈ కీలుకి కూడా టీబీ వస్తుంది. గజ్జల్లో నొప్పి, కుంటడం ఉంటే సికిల్ సెల్ పరీక్ష మర్చిపోవద్దు. ఆ జబ్బులో తుంటి బంతికి రక్తం అందక దెబ్బతింటుంది, చూడ్డానికి ఇలాగే ఉంటుంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద మన ఏజెన్సీల్లో ఆ పరీక్ష ఉచితంగా చేస్తున్నారు. కాళ్లు చచ్చుబడినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా ఒక్క రోజు కూడా ఆగకండి.

మనలో చాలామందిమి ఇంట్లో మొదటి తరం చదువరులం. అమ్మానాన్నల్ని ఆసుపత్రికి తీసుకెళ్లేది, వాళ్ల మాటని తెలుగులో చెప్పేది మనమే. ఈసారి వెళ్లినప్పుడు మనం ముందు మాట్లాడొద్దు. వాళ్లని వేలు పెట్టి చూపించమందాం. వాళ్లు చెప్పింది చెప్పినట్టే డాక్టరుకి చెప్దాం. మేం అది మొదటి రోజే చేసుంటే అమ్మకి మూడు నెలల నొప్పి తప్పేది.

మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే కింద రాయండి. జోహార్.