తమ్ముడిని బొగ్గు ఉద్యోగం వద్దనాలా?

మాది గోదావరిఖని. బాపు సింగరేణి కార్మికుడు. నా ఇంజినీరింగ్ చదువు, అమ్మ మెడలో పుస్తెలతాడు, మేం కట్టుకున్న రెండు గదుల ఇల్లు.. అన్నీ బొగ్గు జీతంతో వచ్చినవే. నేనిప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. క్యాంటీన్‌లో ఎవరైనా ‘ఈ బొగ్గు ఎప్పుడు ఆపుతారో, ఎండలు ఇలా మండిపోతుంటే!’ అంటే నేనూ తలూపుతా. అది నిజమే మరి. కానీ, ఆ మాట విన్నప్పుడల్లా మా ఇల్లు గుర్తొస్తుంది.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న చర్చంతా తమ్ముడి గురించే. వాడికి 24 ఏళ్లు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాడు. బాపుకి మోకాళ్లు సహకరించట్లేదు. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, కారుణ్య నియామకం కింద తమ్ముడికి ఉద్యోగం వస్తుంది. మా దగ్గర దాన్ని ‘డిపెండెంట్ ఉద్యోగం’ అంటారు. ఆ ఒక్క మాటతో పెళ్లి సంబంధాలు కూడా కుదిరిపోతాయి. మొన్న ఫోన్‌లో వాడే అడిగాడు.. ‘అక్కా, ఇప్పుడు చేరితే 61 ఏళ్లకు రిటైర్ అయిత. అంటే 2060 దాటుతది. అప్పటిదాకా బొగ్గు ఉంటదా?’

మంచి ప్రశ్నే! 2070కల్లా ‘నెట్ జీరో’ సాధిస్తామని 2021లో గ్లాస్గో సదస్సులో మనదేశం మాటిచ్చింది. అంటే, మనం గాల్లోకి వదిలే గ్రీన్‌హౌస్ వాయువులూ, అడవుల్లాంటివి తిరిగి పీల్చుకునేవీ సమానం కావాలి. మావాడి సర్వీసంతా ఆ గడువు లోపలే నడుస్తుంది.

ఆ మార్పు ఎలా ఉంటుందో చూడటానికి మేం దూరం వెళ్లక్కర్లేదు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే సోలార్ ప్లాంటు ఉంది. 100 మెగావాట్లు. 2022 జులై నుంచి పూర్తిస్థాయిలో కరెంటు ఇస్తోంది. దాదాపు 500 ఎకరాల నీటి మీద 40 బ్లాకులుగా ప్యానెళ్లు పరిచారు. ఒక్కో బ్లాకులో 11,200 ప్యానెళ్లు. గాలికి కొట్టుకుపోకుండా, రిజర్వాయర్ అడుగున పెట్టిన బరువులకు తాళ్లతో కట్టారు. భూమి సేకరించే గొడవ లేదు. కింద నీళ్లుండటం వల్ల ప్యానెళ్లు మరీ వేడెక్కవు, పైన కప్పు ఉండటం వల్ల నీళ్లూ అంతగా ఆవిరి కావు. దీనివల్ల ఏడాదికి 1.65 లక్షల టన్నుల బొగ్గు ఆదా అవుతుందనీ, 2.1 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందనీ ఎన్టీపీసీ లెక్క.

చదవగానే ‘వావ్’ అనిపిస్తుంది కదా! ఇంకో లెక్క కూడా చూడండి. సింగరేణి ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది. అంటే రోజుకి సగటున 1.9 లక్షల టన్నులు. నీళ్ల మీది ఆ సోలార్ ఏడాదంతా కష్టపడి మిగిల్చే బొగ్గు, మా వాళ్లు ఒక్కరోజులో తవ్వే దానికన్నా తక్కువే!

అలాగని సోలార్ దండగ అనట్లేదు. ఎంత పెట్టాలో ఈ లెక్క చెబుతోంది. 2025 నాటికి దేశంలో విద్యుత్ ప్లాంట్ల మొత్తం సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్‌లతో పనిలేనివే. కానీ నిజంగా తయారయ్యే కరెంటులో సింహభాగం ఇప్పటికీ బొగ్గుదే. కారణం మనందరికీ తెలిసిందే. మనం ఇంటికొచ్చి ఫ్యాన్, ఏసీ వేసే టైమ్‌కి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. రాత్రి షిఫ్టు ఇంకా బొగ్గే చేస్తోంది.

దీనికీ మందు ఉంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కట్టారు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లను పై రిజర్వాయర్‌కి ఎక్కిస్తారు. సాయంత్రం కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తారు. పెద్ద బ్యాటరీలు పెట్టేవాళ్లకు ఆర్థికసాయం చేసే పథకానికి 2023లో కేంద్రం ఒప్పుకొంది. పగలు కరెంటు చవగ్గా, సాయంత్రం ఖరీదుగా ఉండేలా టారిఫ్ రూల్స్ కూడా అదే ఏడాది మార్చింది. టెక్నాలజీ వస్తువును తయారుచేస్తుంది. అది అందరికీ గిట్టుబాటయ్యేలా చేసేది మాత్రం పాలసీయే.

మరి మనుషుల సంగతి? ప్యానెళ్లు బిగించేటప్పుడు చేతినిండా పని ఉంటుంది. తర్వాత కడగటానికి, కాపలాకి, రిపేర్లకి కొద్దిమంది చాలు. బొగ్గుబాయి అలా కాదు. పర్మినెంట్ కార్మికుల వెనక కాంట్రాక్టు కార్మికులు, లారీ డ్రైవర్లు, షిఫ్టు టైమ్‌ని నమ్ముకున్న టీకొట్లు.. మొత్తం ఊరే ఉంటుంది. మా తమ్ముడికి డిపెండెంట్ ఉద్యోగమన్నా ఉంది. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనిచేసే వాడి ఫ్రెండ్‌కి అదీ లేదు.

జర్మనీ 2020లో చట్టం చేసింది. బొగ్గు కరెంటుకి 2038 ఆఖరి గడువు అంది. అక్కడితో ఆగలేదు. బొగ్గు ప్రాంతాల్లో కొత్త ఉపాధి కోసం 4,000 కోట్ల యూరోల వరకు ఖర్చు పెడతామని కూడా చట్టంలోనే రాసింది. మనకీ, వాళ్లకీ డబ్బులో పోలిక లేదు, నిజమే. కానీ మూసే తేదీ, బతికే దారి రెండూ ఒకేసారి చెప్పాలన్న పద్ధతి నేర్చుకోవటానికి పైసా ఖర్చవదు.

తమ్ముడితో చివరికి ఇలా అన్నా.. ‘చేరు. కరెంటు ఆగితే దవాఖాన్లు కూడా ఆగుతయ్. రాత్రి షిఫ్టు చేసేటోళ్లు ఇంకొన్నేండ్లు కావాలె. కానీ ఎలక్ట్రికల్ వదలకు. మణుగూరు, ఇల్లందు, మందమర్రిల సింగరేణి సోలార్ ప్లాంట్లు కూడా ఉన్నయ్. ఇన్వర్టర్లు, బ్యాటరీల పని నేర్చుకో’.

వాడు కాసేపు ఆగి, ‘నేనంటే నేర్చుకుంటనే. ఊరంతటికి ఎవరు నేర్పుతరే?’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అది అక్క ఇవ్వాల్సిన జవాబు కాదు కూడా. ఇకనుంచి ఎవరైనా 2070 గురించి మాట్లాడితే, తలూపే ముందు నేనూ అదే అడుగుతా. మీరూ అడగండి.